సంక్రాంతికా, శివరాత్రికా? కుక్కపిల్ల తల్లిని విడిచే వయసు

కృష్ణా డెల్టాలో వీధికుక్కల కాన్పులను పంచాంగం చూసి చెప్పేయవచ్చు. చిత్త కార్తె అక్టోబరు 10, 11 తేదీల్లో ప్రవేశించి 23, 24 దాకా నడుస్తుంది. అది కుక్కలు జోడుకట్టే కాలమని ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ కార్తె పేరు తిట్లలోకి సైతం ఎక్కింది. కుక్క పిల్లలను మోసే కాలం సుమారు 63 రోజులు. ఆ లెక్కన కూనలు భూమ్మీద పడేది డిసెంబరు రెండో వారం చివరి నుంచి క్రిస్మస్ దాకా. పేరాల చేనేత వీధుల్లో మగ్గాల షెడ్ల వెనక, తెనాలి కాలవ గట్ల మీద, రేపల్లె వైపు పల్లెల్లో గడ్డివాముల అడుగున తల్లులు మూలలు వెతుక్కునేది అప్పుడే.

ఆ తర్వాత నెల తిరక్కుండా సంక్రాంతి వస్తుంది. హాస్టళ్ళ నుంచి పిల్లలు ఇళ్ళకు చేరతారు. కూనలు సరిగ్గా అప్పుడే కళ్ళు విప్పి, తూలుతూ బయటికి వచ్చి, చూసినవాళ్ళ మనసు దోచే దశలో ఉంటాయి. ‘దీన్ని పెంచుకుందామమ్మా’ అనే మాట ఏ ఇంట్లోనో వినబడుతుంది. బొచ్చెలో గేదె పాలు, అట్టపెట్టెలో పాత తువ్వాలు సిద్ధమవుతాయి. భోగి మంట వేసే నాటికి ఆ కూన వయసు ఎంత? చిత్త కార్తె మొదట్లో కట్టిన తల్లి బిడ్డయితే నాలుగున్నర వారాలు, చివర్లో కట్టినదైతే మూడు వారాలకు అటూ ఇటూ. సెలవులు అయిపోయి పిల్లలు తిరిగి హాస్టలుకు వెళ్ళేసరికి కూనకు విరేచనాలు పట్టుకుని ఉంటాయి. కొన్ని బతుకుతాయి. బతకనివాటి గురించి ‘వీధికుక్క కదా, అచ్చిరాలేదు’ అనేసుకుంటారు.

కుక్కపిల్లను తల్లి నుంచి ఎప్పుడు వేరు చేయాలి? ప్రశ్న చిన్నదే. జవాబులు మాత్రం చాలా ఉన్నాయి. అమ్మేవాళ్ళు 45 రోజులంటారు. పాత శిక్షణ పుస్తకాలు 49వ రోజంటాయి. చట్టం ఎనిమిది వారాలంటుంది. పొమెరేనియన్ వంటి చిన్న జాతుల పెంపకందారులు పది, పన్నెండు వారాల దాకా ఇవ్వరు. ఈ అంకెలన్నీ ఎక్కడి నుంచి వచ్చాయో, ఏది ఎంత గట్టిదో విడివిడిగా చూడాలి.

ముందు కూన ఒంట్లో జరిగేది చూద్దాం. పుట్టినప్పుడు దానికి చూపు లేదు, వినికిడి లేదు. తొలి రెండు వారాలు ఒంటి వేడిని కూడా తనంతట తాను నిలుపుకోలేదు. తల్లి కడుపు, పక్కన తోబుట్టువుల ఒళ్ళు, అదే దాని కుంపటి. మూత్రం, మలం కూడా తల్లి నాకితేనే వస్తాయి. 10 నుంచి 14 రోజుల మధ్య కళ్ళు తెరుచుకుంటాయి, కొద్ది రోజులకు చెవులు. మూడో వారంలో నడక, పాలపళ్ళు మొదలు. నాలుగో వారానికి తోబుట్టువులతో కుస్తీ. అక్కడి నుంచి జరిగేది మొత్తం బడి చదువే: గట్టిగా కొరికితే పక్కది కెవ్వుమని ఆట మానేస్తుంది, తల్లి పొదుగును పంటితో నొక్కితే గుర్రుమని లేచిపోతుంది. ఎంత నొక్కితే నొప్పో దానికి తెలిసేది ఇలాగే. ఐదు వారాల కూనను ఇంటికి తెచ్చుకున్నవాళ్ళు ‘చేతులన్నీ కొరికేస్తోంది’ అని వాపోతుంటారు. ఆ పాఠం అయ్యేలోపే దాన్ని బడి మాన్పించారు మరి.

పాల సంగతి వేరే చెప్పుకోవాలి. కుక్క పాలలో కొవ్వు సుమారు 9 శాతం, మాంసకృత్తులు 7, 8 శాతం ఉంటాయి; పాల చక్కెర తక్కువ. ఆవు పాలలో కొవ్వు, మాంసకృత్తులు అందులో సగానికి లోపే, చక్కెర మాత్రం ఎక్కువ. మన గేదె పాలు కొవ్వులో కాస్త దగ్గరికి వస్తాయి కానీ చక్కెర దగ్గర అవీ అంతే. ఆ చక్కెర కూన పేగుల్లో అరగక విరేచనాలవుతాయి. నీళ్ళు కలిపి ఇస్తే ఇంకా నష్టం, బలం తగ్గిపోతుంది. సెరెలాక్ కలిపి పెట్టడం మన పట్నాల్లో ఆనవాయితీ. అది మనిషి బిడ్డ కోసం చేసిన తిండి, దాంతో కూన కడుపు నిండుతుంది కానీ ఎముక కట్టదు.

తల్లి తనంతట తాను పాలు మాన్పించే తీరు చూస్తే 45 రోజుల మాట ఎక్కడిదో అర్థమవుతుంది. నాలుగో వారం నుంచి కూనలు ఘనాహారం రుచి చూస్తాయి. కొన్ని తల్లులు తిన్నది తెచ్చి కూనల ముందు కక్కుతాయి. ఇళ్ళవాళ్ళు అజీర్తి అనుకుని కంగారు పడతారు గానీ అది అన్నప్రాశన. ఐదు, ఆరు వారాలకు పళ్ళు గుచ్చుకుని తల్లి పొదుగు ఇవ్వడానికి విసుక్కుంటుంది. ‘నలభై ఐదు రోజులు నిండాయండీ, పాలు మానేశాయి, తీసుకుపోండి’ అని అమ్మేవాడు అనేది ఇక్కడే. నిజానికి అప్పటికి తల్లి పాలు తగ్గించిందే తప్ప మానలేదు. అమ్మేవాడి లెక్క వేరు. ఆరో వారం దాటితే కూనలకు తిండి ఖర్చు తల్లి పాల మీద కాక అతని జేబు మీద పడుతుంది. మొదటి టీకా ఖర్చు కూడా అప్పుడే. ఎనిమిది లాబ్రడార్ కూనలు రెండు వారాలు ఎక్కువ తింటే ఆ భారం చిన్నదేం కాదు. కాబట్టి 45 రోజులనేది కూన కడుపును బట్టి కాక, అమ్మేవాడి ఖాతాను బట్టి పుట్టిన అంకె.

49వ రోజుకు మాత్రం కాస్త శాస్త్రం ఆసరా ఉంది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రం, బార్ హార్బర్ జాక్సన్ లేబొరేటరీలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ ఏళ్ళ తరబడి ఐదు జాతుల కుక్కలను పుట్టుక నుంచి గమనించి 1965లో ‘జెనెటిక్స్ అండ్ ది సోషల్ బిహేవియర్ ఆఫ్ ది డాగ్’ గ్రంథం ప్రచురించారు. కూన లోకంతో చుట్టరికం కలుపుకునే కాలం మూడో వారంలో మొదలై పన్నెండో వారం దగ్గర ముగుస్తుందని వాళ్ళు తేల్చారు. 1961లో ఫ్రీడ్‌మన్, కింగ్, ఇలియట్ ‘సైన్స్’ పత్రికలో రాసిన ప్రయోగం ఇంకా సూటిది. ఎత్తయిన కంచె కట్టిన ఎకరం స్థలంలో మనిషి జాడ లేకుండా కూనలను తల్లుల దగ్గర పెంచారు. కొన్నింటిని రెండు, మూడు, ఐదు, ఏడు, తొమ్మిది వారాల వయసుల్లో ఒక్కో వారం పాటు బయటికి తెచ్చి మనుషులతో ఆడించారు. పద్నాలుగో వారం దాకా మనిషిని చూడని కూనలు ఆ తర్వాత అడవి జంతువుల్లాగే మిగిలాయి. మనిషితో బాగా కలిసిపోయినవి మధ్య వయసుల్లో పరిచయమైనవే.

ఇదే సమయంలో కాలిఫోర్నియాలో అంధులకు తోడు కుక్కలను తయారుచేసే సంస్థతో పనిచేసిన క్లారెన్స్ ఫాఫెన్‌బర్గర్ స్కాట్ పరిశోధనలను ఆచరణలోకి తెచ్చాడు. 1963లో ఆయన రాసిన పుస్తకం ద్వారా ‘ఏడు వారాలకు కొత్త ఇంటికి’ అన్న సూత్రం పెంపకందారుల్లో పాకింది. ఆ వయసుకు కూన మెదడు తరంగాలు పెద్ద కుక్క తరంగాలను పోలి ఉంటాయన్నది అప్పటి ఆధారాల్లో ఒకటి. దాన్ని పట్టుకుని సరిగ్గా 49వ రోజునే, 48న కాదు 50న కాదు, అని ముహూర్తం పెట్టినవాళ్ళు కూడా బయల్దేరారు. శాస్త్రం ఇచ్చింది ఒక కాలపరిధిని, జనం చేసుకున్నది ఒక తేదీని. అంధుల తోడు కుక్కల సంస్థలు నేటికీ ఏడెనిమిది వారాలకే కూనలను పెంచే కుటుంబాలకు అప్పగిస్తాయి. అయితే ఆ కూనలు వెళ్ళేది అనుభవం, తీరిక ఉన్న ఇళ్ళకు. వాటి వెనక వైద్యుడు, శిక్షకుడు ఉంటారు. ఆ మాట వదిలేసి అంకెను మాత్రం అరువు తెచ్చుకోవడం కుదరదు.

ముందే వేరు చేస్తే నష్టమేమిటో కొలిచిన పనుల్లో రెండింటిని తప్పక చెప్పుకోవాలి. 1993లో దక్షిణాఫ్రికాలో స్లాబర్ట్, రాసా జర్మన్ షెపర్డ్ కూనల మీద పరిశీలన చేశారు. ఆరు వారాలకు తల్లి నుంచి తీసేసినవి ఒక గుంపు, పన్నెండు వారాల దాకా తల్లితో ఉన్నవి మరో గుంపు. తొలి గుంపు బరువు తగ్గింది, జబ్బుల బారిన ఎక్కువగా పడింది, చావులూ అందులోనే ఎక్కువ. పైగా ముందే విడదీస్తే మనిషికి ఎక్కువ దగ్గరవుతుందన్న నమ్మకానికి కూడా బలం దొరకలేదు. ఆ ఇద్దరే 1997లో ఇంకో ముచ్చటైన సంగతి రాశారు. మాదకద్రవ్యాలు పసిగట్టే తల్లి పని చేస్తుంటే ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య చూసిన కూనలు, ఆరు నెలల వయసులో అదే పనిలో చూడనివాటి కంటే చురుగ్గా తేలాయి. తల్లి దగ్గర నేర్చేది పాలతోనే ఆగిపోదన్నమాట.

రెండోది ఇటలీది. 2011లో పియరాంటోని, అల్బెర్టీని, పిర్రోనే ‘వెటరినరీ రికార్డ్’లో 140 కుక్కల యజమానులను ప్రశ్నించి రాశారు. 30 నుంచి 40 రోజుల వయసులో తల్లిని విడిచినవి 70, రెండు నెలలు నిండాక విడిచినవి 70. ముందే విడిచినవాటిలో అతిగా మొరగడం, నడకకు తీసుకెళ్తే బెదరడం, చప్పుళ్ళకు ఉలిక్కిపడడం, తిండి దగ్గర, బొమ్మల దగ్గర ఎవరినీ రానివ్వకపోవడం, సామాన్లు కొరికి పాడుచేయడం స్పష్టంగా ఎక్కువ. టపాసులకు మంచం కింద దూరే కుక్కను, అన్నం గిన్నె ముట్టుకుంటే పళ్ళు చూపే కుక్కను మన ఇళ్ళలోనూ చాలామంది చూసే ఉంటారు.

ఈ రెండో పనిని అలాగే మింగెయ్యకూడదు కూడా. అది యజమానుల నోటి మాట మీద ఆధారపడింది. నెల రోజులకే కూనను అమ్మేసే మనిషి తల్లికి సరిగా తిండి పెట్టకపోవచ్చు, ఇరుకు బోనులో ఉంచవచ్చు. కూనకు వచ్చిన బెదురు వయసు వల్లనా, ఆ బోను వల్లనా? 2002లో బ్రిటన్‌లో యాపిల్‌బీ, బ్రాడ్‌షా, కేసీ చూసింది ఈ రెండో కోణమే: మనుషులు తిరిగే ఇంట్లో కాక షెడ్లలో, బోనుల్లో పెరిగిన కుక్కల్లో భయం, కరిచే గుణం ఎక్కువ కనిపించాయి. అంటే ఎన్ని వారాలన్న ప్రశ్నకు ఎక్కడ, ఎవరి మధ్య అన్న ప్రశ్న జంటగా ఉంది. వీధి చివర తాళం వేసిన షెడ్డులో పన్నెండు వారాలు తల్లితో ఉంచిన కూన కంటే, నలుగురు మసలే ఇంట్లో ఎనిమిది వారాలు పెరిగి వచ్చిన కూనే నయం. ‘ఇంకా ఉంచితే ఇంకా మంచిది’ అన్న సూత్రం ఇక్కడ తిరగబడుతుంది. పన్నెండో వారం దాటాక లోకానికి తలుపులు మూసుకుంటాయి కనుక.

పిల్లుల దగ్గర మాట ఇంకొంచెం దూరం వెళ్ళింది. 2017లో ఫిన్లాండ్ పరిశోధకులు 5,726 పిల్లుల వివరాలు చూసి పద్నాలుగు వారాల దాకా తల్లి దగ్గర ఉంచడం మేలన్నారు. కుక్కల విషయంలో అందరి మాట ఒకటి కాదు. అయినా ఆరు వారాలు తక్కువన్న దగ్గర పెద్దగా తగాదా లేదు. తగాదా అంతా ఏడు, ఎనిమిది, పది మధ్యనే.

ఇక చట్టం. జంతుహింస నివారణ చట్టం, 1960 కింద కేంద్రం 2017 మే నెలలో కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనలు తెచ్చింది. ఎనిమిది వారాలు నిండని కూనను అమ్మరాదు. పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి. ఆడకుక్కకు 18 నెలలు నిండాలి, ఏడాదికి ఒక కాన్పు మించరాదు, జీవితకాలంలో ఐదు మించరాదు. అదే నెలలో పశువుల సంతల మీద వచ్చిన నిబంధనలు దేశమంతా రగడ రేపాయి. ఆ గోలలో కుక్కల నిబంధనలు ఎవరి చెవినా పడలేదు. 2018లో పెంపుడు జంతువుల దుకాణాలకు వచ్చిన నిబంధనలు కూడా ఎనిమిది వారాల గీతనే గీశాయి. మీరితే ఏమిటి? చట్టం 38వ సెక్షన్ ప్రకారం 100 రూపాయల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఒక్కో కూన వేలల్లో పలికే చోట వంద రూపాయల జరిమానాకు భయపడేదెవరు? తేదీ మార్చి పుట్టినరోజు చెప్పడం అంతకంటే తేలిక.

బయటి దేశాల్లోనూ అంకె ఇంచుమించు అదే. జర్మనీలో 2001 నాటి కుక్కల సంరక్షణ ఉత్తర్వు ఎనిమిది వారాలు దాటితే తప్ప కూనను తల్లి నుంచి వేరు చేయనివ్వదు. ఇంగ్లండ్‌లో 2018 నిబంధనలు లైసెన్సున్న పెంపకందారుకు అదే హద్దు పెట్టాయి. 2020 ఏప్రిల్ 6 నుంచి అమల్లోకి వచ్చిన ‘లూసీ చట్టం’ ఆరు నెలల లోపు కూనలను పెంపకందారు కాక మధ్యవర్తులు అమ్మడాన్నే ఆపేసింది. కాలిఫోర్నియాలో పశువైద్యుడి రాతపూర్వక అనుమతి లేకుండా ఎనిమిది వారాల లోపు కూనను అమ్మడం నేరం; అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఇది కొత్త మాట కాదు. ఆ కుటుంబమే సెలవులకు ఊరొచ్చినప్పుడు మేనల్లుడి కోసం నెల కూనను కొనిపెట్టడం కూడా అంతే మామూలు.

ఇంత చెప్పాక అసలు చిక్కు మొదలవుతుంది. పై పరిశోధనలన్నీ తిండి పెట్టి, కంచె కట్టి కాచేవాళ్ళున్న తల్లికి పుట్టిన కూనల మీదివి. కాలవ గట్టు మీది తల్లి సంగతేమిటి? దీనికి జవాబు వెతికినది మన దేశంలోనే. కోల్‌కతాలోని ఐసర్ పరిశోధన సంస్థలో అనిందితా భద్ర బృందం బెంగాల్ వీధికుక్కల వెంట ఏళ్ళ తరబడి తిరిగింది. 2016లో వాళ్ళు ప్రచురించిన లెక్క గుండె బరువెక్కించేది. 95 కాన్పుల్లో పుట్టిన 364 కూనల్లో ఈడు వచ్చేదాకా, అంటే సుమారు ఏడో నెల దాకా, బతికినవి 19 శాతం. పోయినవాటిలో 63 శాతం చావులకు మనుషులే కారణం. తల్లులు మాత్రం మనుషుల పక్కనే కానుపు మూలలు ఎంచుకుంటాయని అదే బృందం చూపింది. తిండి అక్కడే, ముప్పూ అక్కడే. వీధికుక్కల్లో పెద్దమ్మలు, పిన్నమ్మలు, అమ్మమ్మలు కూడా కూనలను కాస్తాయని, ఒక తల్లి పాలు మరో తల్లి బిడ్డలు దొంగిలించి తాగుతాయని కూడా వాళ్ళు రాశారు. ఏడెనిమిది వారాలు దాటాక తల్లి తన వాటా తిండి కోసం కూనలతో పోటీ పడుతుంది. వీధి తల్లి సైతం బిడ్డను కసురుకునే వయసూ, చట్టం గీసిన గీతా దాదాపు ఒకచోటే కలవడం గమనించదగ్గది.

ఈ 19 శాతాన్ని చూపించి ‘అందుకే ముందే తెచ్చుకోవాలి, అక్కడుంటే చస్తుంది’ అనేవాళ్ళున్నారు. వాదనలో పస లేకపోలేదు. లారీలు తిరిగే రోడ్డు పక్కన, తల్లి ఎప్పుడో ఒకప్పుడు చక్రాల కింద పడబోయే చోట ఎనిమిది వారాలు నిండేదాకా ఎదురుచూడమనడం పుస్తకాల నీతి. కానీ తెచ్చుకోవడానికీ వదిలేయడానికీ మధ్య మూడో దారి ఒకటుంది, దాన్ని ఎవరూ తలచరు. కూనను తేవడం కాదు, తల్లితో సహా కూనలను ఇంటి పంచలోకి, పెరటి షెడ్డులోకి మార్చడం. తల్లికి రోజుకు రెండు పూటలా అన్నం, గుడ్డు పడేస్తే పాలు ఆగవు. పాలిచ్చే తల్లికి మామూలు రోజుల కంటే రెండు మూడింతలు తిండి కావాలి. నచ్చిన కూనను రోజూ ఎత్తుకోవచ్చు, పేరు పెట్టుకోవచ్చు, కుక్కర్ ఈల, మిక్సీ మోత, మగ్గం చప్పుడు వినిపించవచ్చు. మనిషితో పరిచయం మూడో వారం నుంచే మొదలుపెట్టాలి, తల్లి నుంచి వేరు చేయడం మాత్రం ఎనిమిదో వారానికే. ఈ రెండూ వేర్వేరు పనులని తెలియకపోవడమే సంక్రాంతి కూనల ప్రాణం మీదికి తెస్తోంది.

తెలుగు కావ్యానికి తొలి అడుగైన నన్నయ ఆదిపర్వం మొదట్లోనే ఒక తల్లి కుక్క తన కూన కోసం రాజు ముందు నిలబడుతుంది. జనమేజయుడి తమ్ముళ్ళు యజ్ఞశాల దగ్గర ఆడుకుంటున్న సారమేయుణ్ణి కారణం లేకుండా కొట్టారు. దాని తల్లి సరమ వచ్చి జనమేజయుణ్ణి నిలదీసి, బెదిరించి వెళ్ళింది. వెయ్యేళ్ళ నాడు ఈ కథ విన్న జాతి, కూనను తల్లి కళ్ళముందే గంపలో వేసుకుపోవడానికి మాత్రం వెనకాడదు.

ఇక జాతుల సంగతి. కృష్ణా, గోదావరి జిల్లాల సొంత జాతి జోనంగి. కొల్లేరు పరిసరాల్లో బాతుల మందల వెంట తిరిగిన కుక్క అది, నేలలో గుంత తవ్వుకుని అందులో పడుకునే అలవాటున్నది. ఇప్పుడు అరుదైపోయింది. మందల వెంట తిరిగే కుక్క పని నేర్చేది పెద్ద కుక్కల పక్కనుండే గనుక, జోనంగి కూనను కావాలనుకునేవాళ్ళు నెలకే లాక్కొచ్చి పట్నం మేడ మీద కట్టేస్తే ఆ జాతికీ న్యాయం జరగదు, ఇంటివాళ్ళకూ సుఖం ఉండదు. పొమెరేనియన్, పగ్ వంటి చిన్న జాతులది వేరే బాధ. ఒంటిలో నిల్వ తక్కువ. కాసేపు తిండి తప్పితే రక్తంలో చక్కెర పడిపోయి కూన వాలిపోతుంది. వాటికి పది వారాలైనా ఆగాలి.

తల్లి చనిపోయిన కూనలకు ఈ లెక్కలేవీ వర్తించవు. వాటికి కావాల్సింది వెచ్చదనం, కుక్కపిల్లల కోసం చేసిన పాలపొడి, మూడు గంటలకోసారి సీసా, తిన్నాక తడిగుడ్డతో కడుపు కింద తుడిచి మలమూత్రాలు రప్పించే ఓపిక. వీలైతే రెండింటిని కలిపి పెంచాలి, కొరుకుడు పాఠం ఒకదానికొకటి చెప్పుకుంటాయి. పాలిస్తున్న మరో తల్లి వీధిలో ఉంటే దాని గుంపులో చేర్చి చూడడం కూడా పల్లెల్లో తెలిసిన పద్ధతే.

టీకా లెక్క కూడా వయసుతో ముడిపడిందే. పుట్టిన తొలిరోజు తాగిన ముర్రుపాలతో తల్లి నుంచి వచ్చిన రక్షణ ఆరు నుంచి పదహారు వారాల మధ్య ఎప్పుడైనా కరిగిపోవచ్చు. అది ఉన్నంతకాలం టీకా పట్టదు, పోయాక పార్వో పట్టుకుంటుంది. 1978లో ప్రపంచమంతా ఒక్కసారిగా పాకిన ఈ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. వాంతులు, నెత్తుటి విరేచనాలతో రెండు మూడు రోజుల్లో కూనను తీసుకుపోతుంది. అందుకే ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం మొదటి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య వేసి, రెండు నుంచి నాలుగు వారాలకోసారి పదహారో వారం దాటేదాకా కొనసాగించమంటుంది. నట్టల మందు రెండో వారం నుంచే మొదలు. తల్లి కడుపులోనే, పాలలోనే ఆ పురుగులు కూనకు చేరతాయి. కొత్త ఇంటికి మారడమే కూనకు పెద్ద దెబ్బ. నెల కూనకు ఆ దెబ్బ, పాలు మారిన దెబ్బ, నట్టలు, పార్వో అన్నీ ఒకే వారంలో తగులుతాయి. ఎనిమిది వారాల కూన ఒక టీకా, మూడు నాలుగు మోతాదుల నట్టల మందు ఒంట్లో వేసుకుని వస్తుంది. ఎనిమిది వారాల గీతకు ఉన్న అన్ని సమర్థనల్లోకి ఇదే గట్టిది, మనస్తత్వ పరిశోధనల కంటే కూడా.

కొనేవాళ్ళకు వయసు తెలుసుకునే దారి నోట్లోనే ఉంది. పాలపళ్ళు మొత్తం 28. కోరలు మూడు నాలుగు వారాలకు, ముందు పళ్ళు ఆ వెంటనే వస్తాయి. వెనక దంతాలన్నీ వచ్చి 28 నిండేసరికి ఎనిమిది వారాలు అవుతుంది. వెనక చిగుళ్ళు బోసిగా ఉంటే అమ్మేవాడు చెప్పిన పుట్టినరోజు నమ్మనక్కర్లేదు. తల్లిని చూపించమని అడగాలి. చూపించనివాడి దగ్గర కొనకూడదు. బాపట్లకు ఈ విద్య పరాయిది కాదు: ఆంధ్ర పశువైద్య కళాశాల 1955లో మొదలైంది ఆ ఊళ్ళోనే, 1957లో తిరుపతికి తరలిపోయింది. ఇప్పుడు దగ్గరి పశువైద్య కళాశాల గన్నవరంలో ఉంది. అయినా పళ్ళు చూసి వయసు చెప్పడానికి కాలేజీ అక్కర్లేదు, ఊళ్ళో పశువుల ఆసుపత్రి చాలు.

వీధి కూనలతో ఆడే పిల్లలున్న ఇళ్ళకు ఇంకో మాట. కూన పంటి గాటు చిన్నదే అని వదలకూడదు. రేబిస్‌కు చిన్నా పెద్దా లేదు. ప్రపంచంలో ఈ జబ్బుతో పోయేవాళ్ళలో 36 శాతం మన దేశంవాళ్ళేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పన్ను గీరినా సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా నీళ్ళ కింద కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి సూది వేయించాలి. కూనకు రేబిస్ టీకా మూడో నెలలో.

డిసెంబరు కూనలకు ఎనిమిది వారాలు నిండేది ఫిబ్రవరి 7 నుంచి 20 లోపు. శివరాత్రి ఆ రోజులకు దగ్గర్లోనో, ఆ తర్వాతో వస్తుంది. సంక్రాంతికి పేరు పెట్టి, శివరాత్రికి ఇంటికి తెచ్చుకోవడం ఈ ప్రాంతంలో ఎవరికైనా గుర్తుండే లెక్క. తెచ్చేటప్పుడు అన్ని కూనలనూ ఒక్కరోజే తీసుకుపోతే తల్లి పొదుగు గడ్డకట్టి జ్వరం వస్తుంది. రెండు మూడు రోజుల ఎడంతో ఒక్కొక్కటిగా తీయాలి. పాలు ఆరాక ఆ తల్లికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించడం మిగిలిన పని. 2023 మార్చిలో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కల విషయంలో ఆ బాధ్యత స్థానిక సంస్థలదే. పేరాల ప్రజలకు చీరాల పురపాలక సంఘం, మిగిలినవారికి బాపట్ల, రేపల్లె, తెనాలి పురపాలక సంఘాలు ఉన్నాయి. అర్జీ పెట్టాల్సింది అక్కడే, అదీ వానాకాలం రాకముందే.